ఇంటికో బండి... మూడు తరాల లెక్క!

‘‘ఏమండీ, పక్కింటివాళ్లు కారు కొన్నారట!’’

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతోపాటు ఈ మాట చెవిన పడిందంటే, ఆ ఇంటాయన పేపరు చదవడం అక్కడితో ఆగిపోయినట్టే. ముందు కిటికీలోంచి ఓ చూపు. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, అద్దానికి వేలాడుతున్న బంతిపూల దండ. ‘ఎంతయ్యుంటుంది?’ అన్నది మొదటి ప్రశ్న. ‘మనమూ కొనగలమా?’ అన్నది రెండోది. మొదటిది నోటితో అడుగుతారు. రెండోది మనసులోనే లెక్కేసుకుంటారు.

తెలుగిళ్లలో ఈ లెక్క కొత్తదేం కాదు. కాకపోతే తాతయ్య దాన్ని సైకిలు కోసం వేసుకున్నాడు. నాన్న స్కూటర్ కోసం వేశాడు. మనవడు కారు కోసం వేస్తున్నాడు. మధ్యలో మారింది బండి ఒక్కటే కాదు. డబ్బు కూడబెట్టే పద్ధతి మారింది. అప్పుకి అర్థం మారింది. అంతెందుకు... ‘బండి’ అన్న మాటకే అర్థం మారిపోయింది. ఒకప్పుడు బండంటే ఎడ్లబండి. తరవాత రైలుబండి. ఆపైన స్కూటరూ మోటారుసైకిలూ బండ్లయ్యాయి. ఇప్పుడు ‘బండి తీయరా’ అంటే కారు తాళాలు తీసే ఇళ్లూ ఉన్నాయి.

సైకిలే పుష్పకం!

1950లూ 60ల్లో సైకిలున్న ఇల్లంటే ఊళ్లో ఓ మెట్టు పైనున్నట్టే. సోనీపట్‌లో అట్లాస్ కంపెనీ సైకిళ్ల తయారీ మొదలుపెట్టింది 1951లో. లూథియానాలో హీరో సైకిల్స్ వచ్చింది 1956లో. బడిపంతులైనా, పోస్టుమ్యానైనా, పాలు పోసే ఆసామి అయినా నాలుగైదు నెలలు చీటీ కట్టి, పాడుకుని, ఆ డబ్బుతో సైకిలు కొనేవారు. కొన్న రోజు ఊరంతా చుట్టుముట్టి గంట మోగించి చూసేవారు.

ఖర్చు అక్కడితో ఆగేది కాదు. రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. అందుకే డైనమో కొనాలి. వెనక ఒకరిని ఎక్కించుకుని ‘డబుల్స్’ తొక్కితే జరిమానా. చాలా ఊళ్లలో పంచాయతీకో మునిసిపాలిటీకో పన్ను కట్టి, వాళ్లిచ్చిన బిళ్లని సైకిలుకి తగిలించుకోవాల్సి వచ్చేది. సొంత సైకిలు లేని పిల్లలకి అద్దె సైకిళ్ల షాపే దిక్కు. గంటకింతని ఇచ్చి, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్లు చెక్కుకుపోతే ఇంట్లో తెలియకుండా దాచుకుంటూ నేర్చుకున్న తరం అది.

అయితే ఒకటి. సైకిలుకి పెట్రోలు అక్కర్లేదు, బీమా అక్కర్లేదు, వాయిదాలు లేవు. గొట్టం పంక్చరైతే చిల్లర డబ్బులతో పోయేది. ఒకసారి కొంటే పాతికేళ్లు నడిచేది. తండ్రి తొక్కిన సైకిలు కొడుక్కి రావడం మామూలు సంగతే. ఇంటి ఖర్చుల్లో వాహనం ఒక ‘కొనుగోలు’గా మాత్రమే ఉన్న కాలం అదే. ఆ తరవాత అది నెలనెలా వచ్చే ‘ఖర్చు’గా మారింది.

స్కూటర్ కోసం తపస్సు

స్కూటర్ రాకతో మధ్యతరగతి కల పెద్దదైంది. ఇటలీ కంపెనీ పియాజియో అనుమతితో బజాజ్ సంస్థ 1960ల మొదట్లో మన దేశంలో వెస్పా స్కూటర్లు తయారుచేయడం మొదలెట్టింది. రాణా ప్రతాప్ గుర్రం పేరుతో ‘చేతక్’ వచ్చింది 1972లో. హైదరాబాదులో తయారైన ఆల్విన్ పుష్పక్ కూడా కొన్నాళ్లు తెలుగు రోడ్ల మీద తిరిగింది.

చిక్కల్లా ఒక్కటే. డబ్బున్నా స్కూటర్ దొరికేది కాదు! ఎన్ని బండ్లు తయారుచేయాలో ప్రభుత్వం లైసెన్సు ద్వారా నిర్ణయించే రోజులవి. బజాజ్ స్కూటర్‌కి పేరు నమోదు చేయించుకుంటే పదేళ్ల దాకా ఎదురుచూడాల్సి వచ్చేది. పెళ్లికి ముందు బుక్ చేస్తే, పుట్టిన పిల్లలు బడికి వెళ్లే వయసుకి బండి వచ్చేదన్నమాట. విదేశీ మారకంలో డబ్బు కట్టగలిగినవాళ్లకి మాత్రం త్వరగా ఇచ్చేవారు. అందుకే అమెరికాలోనో గల్ఫ్‌లోనో బంధువు ఉంటే, ఉత్తరంలో క్షేమసమాచారాల కింద స్కూటర్ ప్రస్తావన తప్పనిసరిగా ఉండేది. కేటాయింపు కాగితం చేతికి రాగానే, దాన్నే ఎక్కువ ధరకి అమ్ముకున్నవాళ్లూ లేకపోలేదు. కొత్త స్కూటర్ కన్నా వాడిన స్కూటర్ ఖరీదైన విచిత్రం ఆ రోజుల్లోనే సాధ్యమైంది.

ఈ ఎదురుచూపుల్లో ఓ మేలు కూడా దాగుంది. పదేళ్లూ డబ్బు కూడేది. ప్రభుత్వోద్యోగికి వాహనం అడ్వాన్సు ఉండేది. పీఎఫ్ లోన్, ఉద్యోగుల సొసైటీ అప్పు, చిట్టీ డబ్బు... అన్నీ కలిపితే బండి వచ్చేనాటికి అప్పు కొంచెమే మిగిలేది. ముందు పొదుపు, తరవాత కొనుగోలు. అది ఆ తరం ఎంచుకున్న నీతి కాదు, వేరే దారి లేక అలవాటైన పద్ధతి.

ఇక ఆ స్కూటర్ చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. ముందు పెద్దబ్బాయి నిలబడి, సీటు మీద నాన్న, వెనక పక్కకి తిరిగి కూర్చున్న అమ్మ, ఆమె ఒళ్లో చంటిది, హ్యాండిల్‌కి కూరల సంచి. పొద్దున్నే ఎడమవైపు వంచి, చోక్ లాగి, కిక్ కొట్టీ కొట్టీ చెమటలు పట్టాక స్టార్టయ్యేది. దారిలో ఆగితే ప్లగ్ ఊడదీసి, గీకి, మళ్లీ బిగించడం ప్రతి తండ్రికీ తెలిసిన విద్య. పెట్రోలు బంకులో లీటర్ల లెక్కకి తగ్గట్టు ఆయిల్ కలిపించుకోవాలి. 1989లో వచ్చిన ‘హమారా బజాజ్’ ప్రకటన అంతమంది మనసుల్ని తాకిందంటే, అందులో తమ ఇల్లే కనబడింది మరి! ఆ చేతక్ తయారీ తరవాత ఆగిపోయింది. అదే పేరుతో విద్యుత్ స్కూటర్ 2020 నుంచి రోడ్డెక్కింది.

ఊళ్లను మార్చిన చిన్న బండ్లు

పట్నంలో స్కూటర్ రాజ్యమేలుతుంటే పల్లెలోకి మోపెడ్ వచ్చింది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50. గేర్ల గొడవ లేదు, ధర తక్కువ, నూనె ఎక్కువ తాగదు. పాల క్యాన్లూ, గడ్డిమోపులూ, కూరగాయల బస్తాలూ, చీరల మూటలూ... టీవీఎస్ మీద మోయని సరుకు లేదు. తెలుగు పల్లెల్లో సంపాదించి పెట్టిన మొదటి బండి ఇదే. దాని మీద పెట్టిన డబ్బు ఖర్చు కాదు, పెట్టుబడి. ఈ తేడా తరవాత చాలా ఇళ్లలో మరుగునపడిపోయింది.

1980ల మధ్యలో జపాన్ కంపెనీలు మన కంపెనీలతో చేతులు కలిపాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. లీటరుకి 80 కిలోమీటర్లు అన్న ప్రచారం పొదుపరి తెలుగు గృహస్థుని మెప్పించింది. రాజ్‌దూత్, బుల్లెట్, ఎజ్డీల మోత విన్న చెవులకి ఆ బండి చప్పుడే వినబడలేదు. 1994లో స్ప్లెండర్ వచ్చింది. 1990ల చివరికి దేశంలో స్కూటర్లను మోటారుసైకిళ్లు దాటేశాయి.

అదే దశాబ్దం మధ్యలో వచ్చిన స్కూటీ చేసిన పని వేరు. అప్పటిదాకా ఇంట్లో బండంటే మగవాళ్లదే. తాళం నాన్న జేబులోనో అన్నయ్య చేతిలోనో ఉండేది. కిక్ కొట్టక్కర్లేని, చీరతోనైనా చుడీదార్‌తోనైనా నడపగలిగే బండి రావడంతో ఆడపిల్లలు కాలేజీకీ ట్యూషన్‌కీ ఒక్కళ్లే వెళ్లడం మొదలైంది. ‘ఎవరు దింపుతారు?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయిన చదువులెన్నో ముందుకి సాగాయి. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో ఆ స్కూటీ ధర ఒక్కటే కనబడుతుంది. అది తెచ్చిన లాభానికి అందులో గడి లేదు.

తాళం చెవి తెచ్చిన మార్పు

కారు మాత్రం చాలాకాలం డాక్టర్లకీ, కాంట్రాక్టర్లకీ, ప్రభుత్వ కార్యాలయాలకీ పరిమితం. అంబాసిడర్, ఫియట్... రెండే పేర్లు. అలాంటి సమయంలో 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ ఢిల్లీలో ఓ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి మొదటి మారుతి 800 తాళం అందించారు. ధర 47,500 రూపాయలు. లాటరీలో పేరొచ్చిన మామూలు ఉద్యోగి ఆయన. ‘ఉద్యోగస్థుడూ కారు కొనొచ్చు’ అన్న మాట దేశానికి వినిపించింది ఆ రోజునే.

ఆ ధరని బంగారంతో కొలిస్తే ఆశ్చర్యమేస్తుంది. 1983లో పది గ్రాముల బంగారం సుమారు 1,800 రూపాయలు. అంటే ఆ కారు ఖరీదు దాదాపు 26 తులాలు! ఒక మధ్యతరగతి ఆడపిల్ల పెళ్లికి పెట్టే బంగారం కన్నా ఎక్కువే. 2025లో తులం లక్ష రూపాయలు దాటింది. ఆ ఏడాదే చిన్న కారు షోరూమ్ ధర నాలుగు లక్షల లోపు నుంచే మొదలైంది. అంటే నాలుగు తులాలు. బంగారం లెక్కలో కారు ఇంతగా చవకైపోయింది. తిరగేసి చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఆ రోజు కారుకి బదులు 26 తులాలు కొని బీరువాలో పెట్టుకున్న ఇల్లాలి దగ్గర 2025 నాటికి 26 లక్షల పైచిలుకు విలువుంది. కారు మాత్రం ఏ పాత సామాన్ల దుకాణంలోనో తుక్కయిపోయి ఉంటుంది. అలాగని, అర్ధరాత్రి బిడ్డకి ఫిట్స్ వస్తే బంగారం ఆసుపత్రికి తీసుకెళ్లదు. ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మకీ నాన్నకీ మధ్య జరిగే వాదం సరిగ్గా ఇదే. ఇద్దరిదీ తప్పు కాదు.

వాయిదాల రాజ్యం

1991 ఆర్థిక సంస్కరణల తరవాత, 1993లో కార్ల పరిశ్రమకి లైసెన్సుల బెడద తొలగింది. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. క్యూలో నిలబడ్డ కొనుగోలుదారుని వెతుక్కుంటూ కంపెనీలే రావడం మొదలైంది. అదే సమయంలో ప్రైవేటు బ్యాంకులు ఇంటి ముంగిటికొచ్చి అప్పులిచ్చాయి. జీతం చీటీ, మూడు ఫొటోలు, నాలుగు సంతకాలు... సాయంత్రానికి బండి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగిన కాలం కూడా అదే.

అక్కడే లెక్క తలకిందులైంది. నాన్న పదేళ్లు కూడబెట్టి కొన్నాడు. కొడుకు ముందు కొని ఏడేళ్లు కడుతున్నాడు. నాన్న అడిగిన ప్రశ్న ‘ధరెంత?’. కొడుకు అడిగే ప్రశ్న ‘నెలకెంత?’. చూడ్డానికి రెండూ ఒకటే. కాగితం మీద పెడితే కాదు.

ఎనిమిది లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. అయిదేళ్లలో తీరుస్తానంటే నెలకి 16,600 రూపాయల దాకా కట్టాలి. ఏడేళ్లంటే 12,900లోపే. ‘నెలకి 3,700 తగ్గిందిగా’ అని సంతోషపడి ఏడేళ్లకే సంతకం పెడతారు చాలామంది. అయిదేళ్లయితే మొత్తం వడ్డీ 1.96 లక్షలు. ఏడేళ్లయితే 2.81 లక్షలు. ఆ తగ్గింపు ఖరీదు 85 వేలన్నమాట.

ద్విచక్ర వాహనాల అప్పుల్లో ఇంకో కిటుకుంది. ‘పది శాతమే సార్’ అంటారు. అది ‘ఫ్లాట్’ వడ్డీ అయితే జాగ్రత్త. లక్ష రూపాయలకి ఏడాదికి పదివేల చొప్పున మూడేళ్లకి ముప్ఫై వేలు వడ్డీ కలిపి 36 వాయిదాలు చేస్తారు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే పడుతుంది. బ్యాంకు పద్ధతిలో లెక్కేస్తే అది దాదాపు 18 శాతం! షోరూమ్‌లో అడగాల్సిన ఒకే ఒక్క మాట: ‘ఇది తగ్గే అసలు మీద వడ్డీయేనా?’

లక్ష కారు చెప్పిన పాఠం

వర్షంలో స్కూటర్ మీద తడుస్తూ వెళ్తున్న నలుగురు కుటుంబ సభ్యుల్ని చూసి, వాళ్లకీ కారు ఉండాలనుకున్నానని చెప్పారు రతన్ టాటా. ఆ ఆలోచనే నానో. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించారు, 2009 మార్చిలో మార్కెట్లోకి తెచ్చారు. లక్ష రూపాయల కారని ప్రపంచమంతా చెప్పుకుంది. ఇక స్కూటర్ల పని అయిపోయినట్టేనన్నారు. తీరా చూస్తే 2018కల్లా నానో తయారీ దాదాపుగా ఆగిపోయింది.

కారణాలు చాలా ఉన్నాయి. బెంగాల్లోని సింగూరు నుంచి గుజరాత్‌లోని సనంద్‌కి ఫ్యాక్టరీ మార్చాల్సి రావడం ఒకటి. కొన్ని కార్లు మంటల్లో చిక్కుకున్న సంఘటనలు ఇంకోటి. వీటన్నిటికన్నా పెద్దది వేరే ఉంది. అన్నిటికన్నా చవకైన కారని చెప్పుకోవడమే పొరపాటైందని తరవాత టాటాయే ఒప్పుకున్నారు. మధ్యతరగతివాడు కారు కొనేది ప్రయాణానికి మాత్రమే కాదు. ‘చవకైన కారు’ అన్న ముద్రతో ఇంటి ముందు నిలపడం ఎవరికి ఇష్టం? కొత్త నానో ధరకి కాస్త అటూఇటూగా వాడిన మారుతి కొనుక్కున్నవాళ్లే ఎక్కువ.

ఆ మోజు ఇప్పుడు ఎత్తయిన బండ్ల మీదకి మళ్లింది. 2024-25లో దేశంలో సుమారు 43 లక్షల కార్లూ జీపులూ అమ్ముడైతే, అందులో దాదాపు 65 శాతం ఎస్‌యూవీల్లాంటి పెద్ద బండ్లే. అదే ఏడాది అమ్ముడైన ద్విచక్ర వాహనాలు 1.96 కోట్లు. వాహనాల కోసం ఉత్తరాది వైపు చూసిన తెలుగునేల మీదే ఇప్పుడు అవి తయారవుతున్నాయి కూడా. 2016లో శ్రీసిటీలో ఇసుజు, 2019లో పెనుకొండ దగ్గర కియా ఉత్పత్తి మొదలెట్టాయి.

అలక పాన్పు మీద బండి

వాహనం ఖర్చులో ఏ సర్వేకీ చిక్కని పద్దు ఒకటుంది. అది కట్నం. ఒకప్పుడు అల్లుడు అలక పాన్పు ఎక్కి వాచీ, రేడియో, సైకిలు అడిగేవాడు. తరవాత స్కూటర్ అడిగాడు. ఆపైన ‘హీరో హోండా లేందే కాలు కదపను’ అన్నాడు. ఇప్పుడు కొన్ని సంబంధాల్లో ‘అబ్బాయికి కారు పెడుతున్నారా?’ అన్నది సరదా ప్రశ్నలా వినబడే షరతు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. పెళ్లికొడుకుల బండి మాత్రం ఆగలేదు, గేరు మార్చుకుంటూ వచ్చింది.

ఆ బండికి పెట్రోలు పోసేది అల్లుడైనా, వాయిదాలు కట్టేది మామగారే. పొలం తాకట్టు పెట్టి కట్టే ఆ వాయిదా, తెచ్చుకున్నవాడి ఇంటి లెక్కలో ‘ఉచితం’ కింద పడుతుంది. ఇచ్చినవాళ్ల లెక్కలో ఏళ్ల తరబడి అప్పుగా మిగులుతుంది. అదే డబ్బు కూతురి పేరున ఉండుంటే ఆమెకి ఎంత ధైర్యంగా ఉండేదో!

లెక్కలు ఏమంటున్నాయి?

2001 జనగణనలో దేశంలో 11.7 శాతం ఇళ్లకి ద్విచక్ర వాహనం, 2.5 శాతం ఇళ్లకి కారు ఉన్నాయి. 2011కల్లా అవి 21 శాతం, 4.7 శాతం అయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దాదాపు సగం ఇళ్లలో ద్విచక్ర వాహనం ఉంది. కారున్న ఇళ్లు 7.5 శాతమే. వీధిలో అడుగు తీసి అడుగు వేయలేనన్ని కార్లు కనబడుతుంటే ఈ అంకె నమ్మబుద్ధి కాదు. నిజమేమిటంటే, నూటికి తొంభైకి పైగా ఇళ్లకి కారు లేదు. ‘అందరికీ ఉంది, మనకే లేదు’ అన్న బాధలో అందరి లెక్కే తప్పు!

బండి కొన్నాక నెలనెలా అయ్యే ఖర్చు కూడా పెరిగింది. ప్రభుత్వ గృహ వినియోగ సర్వేల ప్రకారం 2011-12లో పల్లెల్లో ఇంటి ఖర్చులో ప్రయాణాల వాటా 4.2 శాతం, పట్నాల్లో 6.5 శాతం. 2023-24 నాటికి పల్లెల్లో 7.6, పట్నాల్లో 8.5 శాతం దాకా వెళ్లాయి. పెట్రోలు, బస్సు చార్జీల్లాంటివే ఇవి. బండి కొన్న ధర ఇందులో లేదు. పట్నం కన్నా పల్లెలోనే ఈ వాటా వేగంగా పెరిగిందన్నది గమనించాల్సిన సంగతి. బడి దూరమైనా, ఆసుపత్రి దూరమైనా, పని దూరమైనా ఆ దూరానికి పల్లె తన జేబులోంచే కడుతోంది.

సొంత కారు కిలోమీటరుకి ఎంత పడుతుందో ఎప్పుడైనా చూశారా? తొమ్మిది లక్షలకి కొని, పదేళ్ల తరవాత రెండున్నర లక్షలకి అమ్మారనుకోండి. విలువ తరుగుదలే ఏడాదికి 65 వేలు. అప్పు వడ్డీ ఏడాదికి సగటున 20 వేలు. బీమా 20 వేలు, సర్వీసింగూ టైర్లూ కలిపి 15 వేలు అనుకుందాం. ఏటా పదివేల కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 15 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలుకి 71 వేలు. మొత్తం లక్షా 91 వేలు. కిలోమీటరుకి 19 రూపాయలు! పెట్రోలు అందులో ఏడు రూపాయలే. అందుకే ‘అయిదొందల పెట్రోలు కొట్టిస్తే వెళ్లొచ్చేస్తాం’ అనిపిస్తుంది. మిగతా పన్నెండు రూపాయలూ కనబడవు.

ఇంకో విచిత్రం... కారుని తక్కువ తిప్పితే పొదుపని చాలామంది నమ్మకం. ఏటా అయిదు వేల కిలోమీటర్లే తిప్పితే పెట్రోలు సగానికి తగ్గుతుంది, సర్వీసింగ్ కాస్త తగ్గుతుంది. తరుగుదల, వడ్డీ, బీమా మాత్రం అంతే ఉంటాయి. కిలోమీటరు ఖర్చు ముప్ఫై రూపాయలకి చేరుతుంది. నెలకి రెండుసార్లు పెళ్లికీ గుడికీ మాత్రమే కదిలే కారు కన్నా అద్దె కారు చవక. స్కూటర్ లెక్కేస్తే కిలోమీటరుకి అయిదు రూపాయల లోపే తేలుతుంది. మన ఇళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం అదే.

ఎర్ర బస్సు ఎక్కడికెళ్లింది?

నిజానికి ఇంటి ఖర్చుల్లో ఇంత మోత మోగడానికి ఒక కారణం వీధి చివర బస్సు స్టాపులో ఉంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలెట్టిన రోడ్డు రవాణాకి కొనసాగింపుగా పెరిగిన ఏపీఎస్ఆర్టీసీ, అత్యధిక బస్సులున్న సంస్థగా 1999లో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. ఊరూరికీ ఎర్ర బస్సు వచ్చినన్నాళ్లూ సొంత బండి సౌకర్యమే తప్ప అవసరం కాదు. బస్సు రాని ఊళ్లో, వచ్చినా కాలు పెట్టే చోటులేని నగరంలో అది అవసరమైపోతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకంతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకంతో మహిళలకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. 2017 నవంబరులో హైదరాబాదుకి మెట్రో వచ్చింది. రోజూ బస్సులోనో మెట్రోలోనో ఆఫీసుకెళ్లే ఇల్లాలి వల్ల ఆ ఇంటికి రెండో బండి కొనాల్సిన అవసరం తప్పితే, ఏడాదికి వేలల్లో మిగిలినట్టే.

కొనేముందు ఓ కాగితం తీయండి

• ధరలో కనీసం 20 శాతం చేతి డబ్బు, నాలుగేళ్లకి మించని అప్పు, బండికయ్యే నెల ఖర్చు జీతంలో పదో వంతు దాటకుండా చూసుకోవడం... ఆర్థిక సలహాదారులు చెప్పే పాత సూత్రం ఇది. పూర్తిగా కుదరకపోయినా దానికి ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

• షోరూమ్ ధర వేరు, రోడ్డెక్కే ధర వేరు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా కలిపాకే లెక్కేసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్లు, ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే పరిహారం యజమాని ఇంట్లోంచే వెళ్తుంది.

• బీమా కంపెనీల పట్టిక ప్రకారం బండి విలువ మొదటి ఏడాది ముగిసేసరికి 15 శాతం, అయిదో ఏట 50 శాతం తగ్గినట్టు లెక్క. ఏడేళ్ల అప్పు తీసుకున్నవాళ్లు, ఆఖరి రెండేళ్లూ సగం విలువ కూడా లేని బండికి వాయిదాలు కడుతుంటారు.

• 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లు, 350 సీసీ దాకా ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గిన డబ్బుతో అప్పు తగ్గించుకోవచ్చు, లేదా ఇంకో పైమెట్టు మోడల్‌కి వెళ్లొచ్చు. షోరూమ్‌వాళ్లు రెండోదే చెబుతారు.

• వాడిన బండి కొంటే సర్వీసు పుస్తకం, బీమా, అప్పు తీరిందన్న బ్యాంకు కాగితం, చెల్లించాల్సిన చలాన్లు... నాలుగూ చూశాకే డబ్బివ్వాలి. పేరు మార్పించుకునే దాకా ఆ బండి మనది కాదు.

* * *

మళ్లీ ఆ ఆదివారం ఇంటికే వద్దాం. పేపరు మడిచిన ఇంటాయన, పెళ్లి శుభలేఖ వెనక లెక్కేస్తున్నాడు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, అమ్మ మందులు, ఆరోగ్య బీమా. అన్నీ పోగా మిగిలింది ఏడెనిమిది వేలు. అరుగు మీద కూర్చున్న తాతయ్య అడిగాడు...

‘‘ఎన్నాళ్లు కట్టాలిరా?’’

‘‘ఏడేళ్లు తాతయ్యా.’’

‘‘నేను సైకిలు కొన్నప్పుడు ఆరు నెలలు చీటీ కట్టా. మీ నాన్న స్కూటర్ కోసం తొమ్మిదేళ్లు ఆగాడు. ఆగినన్నాళ్లూ డబ్బు మా దగ్గరే ఉందిరా... అదే తేడా.’’

మనవడు నవ్వి, శుభలేఖ వెనక ఇంకో గీత గీశాడు. ‘ఈ నెల నుంచే వాయిదా కట్టినట్టు 12,000 పక్కన పెట్టాలి. బ్యాంకుకి కాదు, మన ఖాతాలోకి. ఏడాదిపాటు ఇబ్బంది లేకుండా పెట్టగలిగితే అప్పుడు కొందాం. పెట్టలేకపోతే... కొనకముందే తెలిసిపోతుంది.’ ఏడాది తిరిగేసరికి అది లక్షా 44 వేలవుతుంది. చేతి డబ్బూ అయింది, పరీక్షా అయింది.

మూలనున్న పాత సైకిలు గంట ఎవరో పిల్లాడు నొక్కాడు. తుప్పు పట్టినా, ట్రింగుమంది!